గోడవైపు తిరిగి వినే మనిషి

మా ముందుగది అల్మారాలో, పుస్తకాల నడుమ, రెండు నల్ల స్పీకర్లున్నాయి. మూరెడు ఎత్తు కూడా ఉండవు గానీ నిగనిగలాడుతూ ఇంటికొచ్చినవాళ్ళ చూపును ముందు తమవైపే లాక్కుంటాయి. సౌండప్ప పోయాడని తెలిసిన రోజు నుంచి నేను వాటిని మోగించలేదు. మా ఆవిడ వారానికోసారి దుమ్ము తుడుస్తూ "పాటలు పెడ్తలేవు, ఏమైంది?" అని అడుగుతుంది. ఏమైందో ఆమెకు కూడా పూర్తిగా చెప్పుకోలేదు. ఇక్కడ రాస్తున్నాను.

సౌండప్ప అన్నది ఊరు పెట్టిన పేరు. తెలుగు, కన్నడ నేలలు కలిసే ఈ సరిహద్దులో కన్నడం మాట్లాడే ఇళ్ళలో చాలామంది పేర్ల చివర అప్ప ఉంటుంది. ఈయనకూ ఉంది. ముందున్న దేవుడి పేరు తీసేసి, అక్కడ సౌండ్ తగిలించారు. అసలు పేరు నాకు తెలుసు గానీ రాయను. ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు.

నారాయణఖేడ్ బస్ డిపోకు ఎదురుగా, రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత దుకాణం ఆయనది. వెనక ఒక గది. అదే ఇల్లు. ఒకప్పుడు పెండ్లిళ్ళకు మైకు సెట్లు కిరాయికిచ్చేవాడట. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి సిద్దిపేట వైపు నుంచి ఈ ఊరొచ్చేనాటికి అది మానేసి, స్పీకర్ల రిపేరు ఒక్కటే పెట్టుకున్నాడు. చిరిగిన కోన్లు అతికించడం, కాలిపోయిన కాయిల్ మళ్ళీ చుట్టడం. కంగ్టి, సిర్గాపూర్ ఆటోలవాళ్ళు వెనక సీటు కింద పెట్టుకునే డబ్బాలు తెచ్చేవాళ్ళు. డీజేల వాళ్ళు బీరువాలంత డబ్బాలు దించేవాళ్ళు. ఆదివారం పొద్దున చర్చి నుంచి ఎవరో ఒకరు ఉరుకుతూ వచ్చేవాళ్ళు, మైకు కూతపెడుతోందని.

ఇంత మోత మధ్య బతికే మనిషి చెవుల్లో ఎప్పుడూ దూది ఉండేది. గిరాకీ వస్తే కుడిచెవిలోది మాత్రం తీసి, దర్జీలు పెన్సిల్ పెట్టుకున్నట్టు చెవి మీద పెట్టుకునేవాడు. రెండు చెవుల్లోవీ తీశాడంటే ఎదుటి మనిషి మాటకు విలువిచ్చాడని అర్థం. ఈ సంగతి తెలియడానికి నాకు ఏడాది పట్టింది. రెండో దూది తీయించుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

"డీజేలను నువ్వే బాగుజేస్తవ్, మల్ల చెవులల్ల దూది పెట్టుకుంటవ్. గిదేంది అప్పా?" అని ఒకసారి అడిగాను.

"దవాఖానల డాక్టర్ రోగం నయం జేస్తడు సార్. ఇంటికి దీస్కపోతడా?" అన్నాడు.

మాతో తెలుగే మాట్లాడేవాడు. తనతో తాను మాట్లాడుకునేది మాత్రం కన్నడంలోనే. టంకం వేలికి అంటుకున్నా, స్క్రూ కిందపడినా, కాయిల్ చుట్లు లెక్కపెట్టుకున్నా అన్నీ కన్నడమే. ఆ గొణుగుడు మనకోసం కాదని తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. నేనూ పట్టించుకోలేదు.

ఇంట్లోకి మంచి స్పీకర్లు కొనాలన్న పురుగు నా బుర్రలో దూరింది ఆ రోజుల్లోనే. అల్మారాలో ఇమిడే చిన్నవి కావాలి, కానీ వింటుంటే గది నిండాలి. ఆరు నెలలు ఫోన్లో చదివాను. అంకెలు, గీతలు, ఏ స్పీకరు ఎంత లోతు పలుకుతుందో, ఎంత పైకి పోతుందో, అన్నీ నోటికొచ్చేశాయి. ఒకరోజు వైరు అతికించుకోవడానికి వెళ్ళి ఆ విద్యంతా సౌండప్ప ముందు ఒలకబోశాను. ఓపిగ్గా విన్నాడు.

"లెక్కలన్ని కరెక్టే సార్. గొంతు ఎట్లుంటదో గా కాయిదం మీద రాసిండ్రా?" అన్నాడు.

రాయలేదు. అందుకే ఆయన్ని వెంటబెట్టుకుని హైదరాబాద్ పోదామనుకున్నాను. అడగగానే ఒప్పుకున్నాడు. దుకాణం మూసి ఆయన ఊరు దాటడం డిపోవాళ్ళకే వింతగా ఉండి, కండక్టరు "ఏడికి సౌండప్పా, పిల్లను జూడనీకెనా?" అని ఎగతాళి చేశాడు.

"ఔ. సార్ ఇంటికి కోడల్ని జూడవోతున్న," అన్నాడు ఈయన.

షోరూంలో వినడానికే వేరే గది ఉంది. తలుపు మూస్తే బయటి చప్పుడు రాదు. ఎదురుగా స్పీకర్లు, ఇవతల మెత్తటి సోఫా. సౌండప్ప రెండు దూదులూ తీసి జేబులో వేసుకున్నాడు. సోఫాలో కూర్చోకుండా మూలనున్న కుర్చీ తెచ్చుకుని, స్పీకర్లకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

టై కట్టుకున్న సేల్స్‌మాన్ కంగారుపడ్డాడు. "అంకుల్, స్పీకర్లు ఇటున్నాయి."

"తెల్సు బిడ్డా. నేను ఆటిని జూడనీకె రాలే."

"ఏ పాట పెట్టమంటారు?"

"పాట వద్దు. ఎవలన్న మాట్లాడేది పెట్టు."

సేల్స్‌మాన్ నావైపు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. సౌండప్ప గోడతోనే చెప్పాడు: "పాటల అన్ని డబ్బాలు మంచిగనే ఉంటయి సార్. డోలు గొడ్తరు, సన్నాయి ఊదుతరు, లోపమంత దాని ఎన్క దాసుకుంటది. వట్టి మాట పెడితే దొర్కుతది."

సేల్స్‌మాన్ ఫోన్లో వెతికి వెతికి, ఎవరో ఒకామె వంకాయ కూర వండే విధానం చెబుతుంటే అది పెట్టాడు. ముందు నల్లగా నిగనిగలాడే జత. గది అదిరింది. నాకు బ్రహ్మాండంగా అనిపించింది.

"గీమె బాయిల కూసోని వండుతుంది. కడుపే ఉంది గని గొంతు లేదు," అన్నాడు సౌండప్ప.

రెండో జత. "గీమెకు పడిశం వట్టింది."

మూడోది అన్నిటికంటే చిన్నది. మెరుపు లేని చెక్క రంగు, ముందు గుడ్డ తొడిగి ఉంది. పాతకాలపు రేడియోను సగానికి కోసినట్టు ఉంది. వంకాయలు నాలుగు పక్షాలుగా కోసుకోవడం అయింది, పొడి కూరడం అయింది, నూనెలో వేయడం అయింది. సౌండప్ప మెడ కొంచెం పక్కకు వాలింది.

"ఇను సార్. గిన్నె దిక్కు వంగి మాట్లాడుతుంది... ఇగో, ఇప్పుడు మన దిక్కు మర్లింది. ఇనబడుతుందా?"

కళ్ళు మూసుకున్నాను. వినబడింది. ఒక మనిషి, ఒక పొయ్యి, ఆమె మెడ తిప్పడం. డబ్బా లేదు.

"గివే దీస్కో సార్. మనిషిని మనిషంతనే జూపెడ్తయి," అంటూ లేచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగి, "ఆమె ఉప్పు తక్కువేసింది," అన్నాడు. సేల్స్‌మాన్ కూడా నవ్వాడు.

ఆ జత చూపించడానికి పెట్టిన ఒక్కటే ఉందని, కొత్తది రావడానికి రెండు వారాలు పడుతుందని అన్నారు. వట్టి చేతులతో బస్సెక్కాం. జోగిపేట దాటాక సౌండప్ప ఉన్నట్టుండి చెప్పడం మొదలుపెట్టాడు.

ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది. బిడ్డకు అప్పుడు మూడేళ్ళు. ఆమె ఫోటో ఒక్కటి కూడా సరైనది లేదు. కానీ ఒక క్యాసెట్ ఉంది. మైకు సెట్ల కాలంలో ఒకరోజు కొత్త మైకు ఎట్లుందో చూద్దామని టేపురికార్డరు ఆన్ చేసి పెట్టాడట. అది తిరుగుతోందని తెలియక ఆమె వెనకగది నుంచి వచ్చి "ఊటక్క బర్రి, ఆరి హోగ్తద" అంది. అన్నానికి రండి, చల్లారిపోతుంది, అని. ఈయన లేవలేదు. మళ్ళీ అంది. మూడోసారి తిట్టింది. అంతే, టేపు అయిపోయింది.

"గా మూడు మాటలే సార్ ఆమెవి, నా తాన ఉన్నయి. టేపు ఎండిపోయింది. ఇగ ఒక్కసారి తిరుగుతదో, రెండుసార్లు తిరుగుతదో. అందుకని పెట్టలే. నా రూంల పెడితే డిపోల బస్సుల మోతల కల్సిపోతది. ఈ ఖరాబ్ డబ్బాలల్ల పెడితే ఆమె ఆమె లెక్క ఉండది."

"ఫోన్ల కెక్కియ్యొచ్చు గద అప్పా?"

"ఎక్కియ్యాలన్న ఒకసారి తిప్పుడే గద. గా ఒక్కసారిల తెగితే? ముందు నేనిన్నంక ఫోన్ ఇంటది. మీ గల్లీల సప్పుడుండది. గా చిన్న డబ్బాలు వచ్చినంక ఒక్కసారి మీ ఇంటికొస్త సార్. ఏమనుకోవు గద?"

"ఏమన్న మాటనా అప్పా. నీ ఇల్లే అనుకో," అన్నాను.

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. అది కూడా రాయాలి.

రెండు వారాల తర్వాత సౌండప్పకు తీరిక లేక మా బామ్మర్దితో వెళ్ళాను. చెక్క జత వచ్చింది. బామ్మర్ది పాట పెట్టించి, శబ్దం పెంచించి, "బావా, గివేంది? మిఠాయి డబ్బాల లెక్కున్నయ్. ఇంటికొచ్చినోళ్ళు నవ్వుతరు," అన్నాడు. పక్కనే నల్లవి. వాటిలో పాట పెడితే గుండెలో దడ పుట్టింది. కాగితం మీద అంకెలు కూడా వాటివే పైన. నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, అంకెలకు లొంగుతాను. తప్పంతా బామ్మర్ది మీదికి నెట్టేస్తే సరిపోయేది గానీ అది అన్యాయం. ఆ మెరుపు నాకే నచ్చింది. మూడు మాటల క్యాసెట్ గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. ఏ డబ్బాలోనైనా మనిషి మాట మనిషి మాటేగా, అనుకుని నల్లవే కొన్నాను.

మర్నాడు డిపో దగ్గర కనబడి "తెచ్చినవా సార్?" అని అడిగాడు. చెవుల్లో దూది రెండూ తీసే అడిగాడు.

"తెచ్చిన అప్పా. నువ్వు జెప్పినవే. చెక్కరంగువి దొర్కలే, నల్లవి తెచ్చిన. రంగొక్కటే తేడా."

ఇంత సులువుగా అబద్ధం వస్తుందని నాకూ తెలియదు.

"రంగుదేముంది సార్," అన్నాడు ఆయన సంబరంగా.

ఆదివారం పొద్దున వచ్చాడు. ఉతికిన తెల్ల అంగీ, తలకు నూనె. దూదులు తీసి మా కిటికీలో జాగ్రత్తగా పెట్టాడు. అల్మారా దగ్గరకు వెళ్ళి, పుచ్చకాయ కొనేవాళ్ళు తట్టినట్టు వేలి కణుపుతో ఒక డబ్బాను తట్టాడు. ఒకసారే. వేలు అక్కడే కాసేపు ఆనించి ఉంచాడు. తర్వాత కుర్చీ తిప్పుకుని గోడవైపు కూర్చున్నాడు.

నేను నవ్వుతూ ఆ వంకాయ కూరే పెట్టాను. ఆమె మాట్లాడుతోంది. నిజం చెప్పాలంటే నాకూ వినబడింది. బావిలో నుంచే వస్తోంది. ఆయన మెడ పక్కకు వాలలేదు. చేయి ఒకసారి ఛాతీ మీదికి పోయి, కిందికి దిగింది. కూర అయ్యేదాకా కదలకుండా కూర్చుని, చివర్లో గోడవైపు చూస్తూనే ఏదో గొణిగాడు.

"దాని ఇల్లు" అన్నట్టు వినబడింది నాకు.

ఆహా, అనుకున్నాను. చప్పుడు తన ఇల్లు తాను చేరుకుందంటున్నాడు. ఎంత మాట! పొంగిపోయి "నచ్చినయా అప్పా?" అని ముందుకెళ్ళి నిలబడ్డాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మంచిగున్నయి సార్. సుఖంగ ఇను," అన్నాడు.

"క్యాసెట్ తేలేదా?"

"మల్ల దెస్త."

చాయ తాగాడు. కిటికీలోని దూదులు తీసి రెండు చెవుల్లోనూ పెట్టుకున్నాడు. మా గల్లీలో ఆ పూట కాకి కూడా అరవలేదు. డిపో దాకా పోవాలి కదా, అందుకనుకున్నాను.

తర్వాత ఆ "దాని ఇల్లు" మాటను నేను ఎంతమందికి చెప్పుకున్నానో. ఇంటికొచ్చినవాళ్ళకు స్పీకర్లు వినిపించి, "మా ఊర్ల సౌండప్పని ఉన్నడు, అంతటోడు గీటిని వట్టుకొని ఏమన్నడో తెల్సా?" అని మొదలుపెట్టేవాణ్ణి. క్యాసెట్ గురించి ఒకటి రెండుసార్లు అడిగాను. పెండ్లిళ్ళ సీజన్ సార్, అన్నాడు. సీజన్ అయిపోయాక నేను అడగలేదు. దుకాణానికి వెళ్తే ఒక చెవిలోని దూదే తీసేవాడు. అదీ నేను లెక్కపెట్టుకోలేదు.

పోయిన ఎండాకాలం ఆయన పోయినప్పుడు నేను సంగారెడ్డిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. వచ్చేసరికి అంతా అయిపోయింది. దుకాణం ఖాళీ చేయడానికి ఆయన బిడ్డ ఔరాద్ వైపు అత్తగారింటి నుంచి వచ్చిందని తెలిసి వెళ్ళాను. నలభై దాటిన మనిషి. కాయిల్ తీగలు ఉండలు చుడుతూ, నన్ను చూసి లేచింది.

"వంకాయ సార్ మీరేనా?" అంది.

"ఏంది?"

"నాయిన గట్లనే అనెటోడు." కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. లోపలికి పోయి ట్రంకు పెట్టెలోంచి ఒక క్యాసెట్ తెచ్చింది. రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"మీ ఇంటికి వచ్చిన దినం గిది బనీన్ జేబుల వెట్టుకొనే వచ్చిండు సార్. నేను అప్పుడు ఈడనే ఉన్న. మల్లొచ్చి పెట్టెల వెట్టేసిండు. ఏమైంది నాయినా అంటె, 'అల్లి దని ఇల్ల' అన్నడు."

"దని అంటే ఏందమ్మా?"

"గొంతు సార్. ఆవాజ్. ఆడ గొంతు లేదన్నడు."

ధ్వని. ఏటా పిల్లలకు నేను చెప్పే పాఠం పేరు. ఇక ఇల్ల అంటే? అది లేదు అనడమని నాకు తెలియనిదా? పదేళ్ళుగా అంగట్లో ఉల్లిగడ్డ దగ్గర, టమాట దగ్గర వింటున్న మాటే. ఇంకెవరైనా, ఇంకెక్కడైనా అని ఉంటే ఠక్కున అర్థమయ్యేది. ఆ రోజు నా చెవికి మెప్పు కావాలి. దనిలో ఒక దీర్ఘం పెట్టుకుని, ఇల్లకు ఒక కొమ్ము తగిలించుకుని, ఉన్న తీర్పును తిరగేసి మెప్పుగా వినేసింది. దాన్ని ఊరంతా చాటుకున్నాను కూడా. సిగ్గుతో చచ్చిపోయాను.

"అమ్మా, గవి మీ నాయిన జెప్పిన డబ్బాలు కావు. నేను అబద్ధం జెప్పిన," అన్నాను.

"తెల్సు సార్. తట్టంగనే తెల్సిందన్నడు."

"మరి ఒక్క మాట అనొచ్చు గద?"

"నేను గదే అన్న. 'సార్ ముఖం జూస్తె పండుగ లెక్కుండె. ఎట్లనాలె?' అన్నడు." ఆమె క్యాసెట్ నా చేతిలో పెట్టింది. "నాకు అమ్మ దని యాదికి లేదు. గా చిన్న డబ్బాలు ఇప్పుడైన దొర్కుతె ఫోన్ జెయ్యుండ్రి సార్. వస్త."

ఇవ్వగలిగి కూడా ఆయనకు ఇవ్వలేదు. వినవలసిన మనిషి వినకుండా పోయాడు. మిగిలింది ఆయన బిడ్డ.

ఆ వారమే షోరూంకు వెళ్ళాను. ఆ చెక్క జత తయారవడం ఆగిపోయిందట. అప్పటి నుంచి ప్రతి రెండో శనివారం సెలవు రోజున హైదరాబాద్ పోతున్నాను. నాలుగు దుకాణాలు తిరిగాను. క్యాసెట్ తీసుకుపోను, అది బీరువాలో భద్రంగా ఉంది. కుర్చీ తిప్పుకుని గోడవైపు కూర్చుంటాను. వంకాయ కూర పెట్టమంటాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకుంటారు.

మొన్నటి దుకాణంలో సేల్స్‌మాన్ కొత్తవాడు, నెల కూడా కాలేదట చేరి. ఎంతో శ్రద్ధగా ఒక జత అమర్చి, వైర్లు సర్ది, పెట్టాడు. ఆమె పొడి కూరింది, నూనెలో వేసింది, గిన్నె మీదికి వంగింది. మళ్ళీ మనవైపు తిరగలేదు. నా నోట్లోంచి నాకు తెలియకుండానే మాట వచ్చేసింది.

"దని ఇల్ల."

వెనక నుంచి అతని గొంతు ఉత్సాహంగా వినిపించింది. "ఇల్లెక్కడ సార్? ఎక్కడికైనా పంపిస్తాం!"

తిరిగి చూశాను. పెన్ను, పుస్తకం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. ఆ మొహం ముందు మాట పెగలదని నాకు అప్పుడు అర్థమైంది. ఊరి పేరు చెప్పేసి లేచిపోవడమే సులువు. ఔరాద్ వైపు ఒక ఊళ్ళో ఒకామె ఫోన్ కోసం చూస్తోంది.

"లేదు తమ్ముడూ," అన్నాను. "గొంతు లేదు అంటున్న. ఇంకో జత పెట్టు."

అతని మొహం వాడిపోయింది. నేను మళ్ళీ గోడవైపు తిరిగాను.